అప్‌డేట్: శీలావతి (రోహు) చేపపిల్లలకు వెన్ను వంకర, విటమిన్ సి

చేపపిల్లల్ని పెంచే నర్సరీ చెరువులో కొన్ని శీలావతి పిల్లలకు వెన్ను వంకర వస్తోంది, మేతలో విటమిన్ సి కలపాలా అని అడిగాను కదా. కలపమన్న అందరికీ థ్యాంక్స్ అండీ. మామూలు విటమిన్ సి పొడి నిల్వలో పాడవుతుంది, నీళ్లలో కరిగిపోతుంది. అందుకే త్వరగా పాడవని ఫాస్ఫేట్ రూపంలోది తెచ్చి నూనెతో మేతకు పట్టించాం. కొత్త బ్యాచ్‌లో వంకర దాదాపు లేదు, పిల్లలు మేతకు చురుగ్గా వస్తున్నాయి! పాతవాటిలో అప్పటికే వెన్ను వంకరైనవి మాత్రం సరికాలేదు, ఏరేశాం.

స్టర్జన్ అనే చేపకు విటమిన్ సి వేయకపోయినా పెరుగుతుందని ఒకరన్నారు. నిజమే, కేవియర్ అనే ఖరీదైన గుడ్లిచ్చే ఆ చేప తన కిడ్నీలోనే విటమిన్ సి తయారుచేసుకుంటుంది. మన శీలావతి, బొచ్చె (కట్ల) చేపలకు అది మేతలోంచే అందాలి. ఫాస్ఫరస్ తగ్గినా వెన్ను వంకర రావచ్చు కాబట్టి మినరల్ మిక్చర్ కూడా ఆపలేదు.