పనసపొట్టు ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బుతున్నాయి, తెలిసినవాళ్ళు చెప్పండి

అరిటాకు వంటిల్లు: పొద్దున్నుంచి ఇదే గొడవ, బుర్ర వేడెక్కిపోయింది. నా వంటల పేజీ చూసేవాళ్ళు అడగ్గా అడగ్గా ఉడికించిన పనసపొట్టు 250 గ్రాముల ప్యాకెట్లలో అమ్మడం మొదలెట్టాను. తాలింపు వేసి ఆవ పెట్టుకుంటే కూర అయిపోతుంది. అంతా మొక్కల సరుకే, పాలూ నెయ్యీ లేవు, లేబుల్ మీద కూడా అదే వేయించాను. వాక్యూమ్ మిషన్‌తో గాలంతా లాగేసి సీలు వేస్తున్నా. అయినా మూడో రోజుకి 40లో 11 ఉబ్బాయి, నాలుగు నల్లబడ్డాయి. మిషన్ మార్చాలా? మందం కవర్లు తేవాలా? సీలు రెండు వరసలు వేసినా అంతే. రేపు ఇంకో 60 వెళ్ళాలి. త్వరగా చెప్పండి.

లంకగట్టు: పీహెచ్ ఎంత?

అరిటాకు వంటిల్లు: చెరువు నీళ్ళకి చూస్తారే, అదాండి? పక్కింటివాళ్ళకి రొయ్యల చెరువుంది, వాళ్ళ కిట్ తెచ్చి చూడనా?

లంకగట్టు: పనికిరాదు. ఆ రంగుల కార్డు చెరువు నీళ్ళ కోసం చేసింది, 7కి అటూఇటూ చూపిస్తుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మీరు చూడాల్సింది 4.6 దగ్గర. పెన్ను మీటరు కొనండి. 4, 7 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, సరిచేశాకే ముంచండి.

కత్తిపీట: మీటర్ల సంగతి తర్వాత. ముందు పొట్టు ఎలా కొడుతున్నారు? మిక్సీలో తిప్పితే మాత్రం నల్లబడక ఏమవుతుంది? కాయ లేతదై ఉండాలి, గింజ పెంకు కట్టకూడదు. గోరు గుచ్చితే గింజలోకి దిగాలి. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, ముళ్ళ తొక్క చెక్కేసి, కాయని నిలబెట్టి కత్తితో గాట్లు పెడుతూ పైపైన చెక్కుతూ రావాలి. అప్పుడే పొట్టు పొడిపొడిగా రాలుతుంది. మిషన్‌లో వేస్తే నలిగి రసం బయటికొస్తుంది, గాలి తగలగానే రంగు మారుతుంది. పొట్టు 'కొట్టాలి', 'తరగడం' కాదు. ఈ మధ్య వీడియోల్లో ముక్కలు కోసి పొట్టు అనేస్తున్నారు, అది ముక్కల కూర.

అరిటాకు వంటిల్లు: చేత్తోనే కొట్టిస్తున్నానండి, ఇద్దరు మనుషులున్నారు. నల్లబడకుండా అందరూ చేసేదే నేనూ చేస్తున్నా. కొట్టింది కొట్టినట్టు పల్చటి మజ్జిగలో వేస్తాం. ఉడికాక కూడా రంగు నిలవాలని చల్లటి మజ్జిగ నీళ్ళలో ఒకసారి ముంచి, గుడ్డలో పిండి ప్యాక్ చేస్తాం.

వేప చెట్టు నీడ: మజ్జిగా! పైన 'పాలూ నెయ్యీ లేవు' అన్నారు కదండీ? మజ్జిగ ఏ చెట్టుకి కాసింది? పాలు పడనివాళ్ళు మీ లేబుల్ నమ్మి తింటే సంగతేంటి? పాల పదార్థం ఉంటే అలర్జీ వివరం లేబుల్ మీద వేయాలి, చట్టం. ఇక 'వీగన్', అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ లేనిది, అని రాయాలంటే 2022లో వచ్చిన నిబంధనలు వేరే ఉన్నాయి, ఆ గుర్తుకి ముందు అనుమతి తీసుకోవాలి. పచ్చ చుక్క ఉంటే చాలదు. పచ్చ చుక్క శాకాహారానికి, దాన్లో పాలుండొచ్చు, తేనె ఉండొచ్చు.

గోంగూర పులుసు: సంతర్పణల్లో తరాలుగా వడ్డిస్తున్న పనసపొట్టుకి ఈ ఇంగ్లీషు గుర్తులెందుకండి? శాకాహారం అంటే అర్థం కాదా జనానికి?

వేప చెట్టు నీడ: అర్థమవుతుంది, పెరుగన్నం కూడా శాకాహారమే. అందుకే రెండు మాటలు. మొక్కల సరుకు అని అమ్మేవాళ్ళకి ఆ తేడా తెలియాలి.

గోంగూర పులుసు: ఎటకారం వద్దండి. 'మొక్కల సరుకు' వేరు, 'వీగన్' వేరు. ఆవిడ వీగన్ అని ఎక్కడా అనలేదు.

లంకగట్టు: ఉబ్బింది ప్యాకెట్లు. అవి చూడండి.

ఉప్పుటేరు: మజ్జిగ మాట బయటికొచ్చింది కాబట్టి సగం తేలింది. ఉడికినప్పుడు చచ్చిన సూక్ష్మజీవులు చావగా, చల్లార్చే మజ్జిగతో మీరే మళ్ళీ తోడు వేస్తున్నారు. మజ్జిగలో ఉండేవాటిలో కొన్ని పులుపుతోపాటు గ్యాసు కూడా పుట్టిస్తాయి, వాటికి గాలి అక్కర్లేదు. ఇంకో మాట చెప్పండి, సీలు వేసింది మొదలు కొన్నవాళ్ళ చేతికి చేరేదాకా ప్యాకెట్లు ఎక్కడుంటాయి?

అరిటాకు వంటిల్లు: ఇక్కడ ఫ్రిజ్‌లోనే. హైదరాబాదుకి సాయంత్రం బస్సు పార్సిల్‌లో వేస్తాను, మర్నాడు అక్కడి కుర్రాడు తీసుకుని మధ్యాహ్నం దాకా ఇళ్ళకి తిప్పుతాడు. అందరూ అలాగే పంపుతారు కదా అని రాయలేదు.

ఉప్పుటేరు: అదే అసలు రాయాల్సింది. దాదాపు రోజంతా ఎండాకాలం డిక్కీలో, గాలి లేని కవరులో, పులుపు లేని ఉడికిన కూరగాయ. కవరు మందం, సీలు వరసలు వదిలేయండి. సీలు బాగుంది కాబట్టే ఉబ్బింది, కారితే ఉబ్బేది కాదు.

గాలి తీసేస్తే పాడవదన్నది పొరపాటు. గాలి లేని చోటే పెరిగే బొటులినం అనే సూక్ష్మజీవి ఉంది. దాని బీజాలు మట్టితో వస్తాయి, ఇంట్లో మరిగే 100 డిగ్రీలకి చావవు. పీహెచ్ 4.6 కంటే తక్కువైతే పెరగలేవు, లంకగట్టు గారు మొదట్లోనే అడిగింది అందుకే. పనసపొట్టు దానికి పైనే ఉంటుంది. దాని విషం పట్టిన ప్యాకెట్ ఉబ్బొచ్చు, ఉబ్బకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. అందుకని ఉబ్బిన 11 రుచి చూడకండి, ఉబ్బని 29 కూడా అమ్మొద్దు. ఇప్పటికే కొన్నవాళ్ళకి ఫోన్ చేసి పారేయమనండి.

చేయాల్సింది: కిలో పొట్టుకి మూడు లీటర్ల నీళ్ళు మరగనిచ్చి, 9 గ్రాముల నిమ్మ ఉప్పు, 10 గ్రాముల కల్లు ఉప్పు వేసి, పొట్టు వేశాక నీళ్ళు మళ్ళీ తెర్లిన దగ్గర్నుంచి నాలుగు నిమిషాలు. ఒకేసారి ఎక్కువ కుమ్మరిస్తే నీళ్ళు చల్లబడిపోయి, నల్లబరిచే ఎంజైములు చావవు. మీ నాలుగు నల్ల ప్యాకెట్లు ఆ బాపతే అయ్యుంటాయి. తీసి, కాచి చల్లార్చి ఐసు వేసిన నీళ్ళలో ముంచండి, మజ్జిగ మాట మర్చిపోండి. నీరు పిండి, ప్యాకెట్‌లో రెండు సెంటీమీటర్ల మందాన పలకలా పరిచి సీలు వేసి మైనస్ 18లో గడ్డకట్టించండి. ముద్దగా పెడితే మధ్యలో గడ్డకట్టడానికి గంటలు పడుతుంది. ఎలాగూ మళ్ళీ వేగేదే కాబట్టి గడ్డకట్టినందుకు రుచికేమీ లోటు లేదు. పంపేటప్పుడు థర్మాకోల్ పెట్టె, జెల్ ప్యాకులు. కరిగిపోయి చేరితే డబ్బు వాపసు ఇవ్వాల్సిందే, మళ్ళీ గడ్డకట్టించడం కుదరదు.

గోంగూర పులుసు: ఐసు పెట్టెల ఖర్చుతో 250 గ్రాముల మీద ఏం మిగులుతుందండి? బయట ఉంచినా నిలవుండే దారి లేదా?

ఉప్పుటేరు: ఉంది, రెండు. ఒకటి రిటార్ట్, అంటే సీలు వేసిన ప్యాకెట్‌ని ఒత్తిడి మీద వేడిచేసే మిషన్. రేకు పొర ఉన్న ప్రత్యేకం కవర్లో, ప్యాకెట్ నడిబొడ్డులో కూడా 121 డిగ్రీలు లెక్క ప్రకారం తగిలేలా. ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌తో దాని జోలికి పోకండి, మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ లాంటి చోట పరీక్ష చేయించాకే. రెండోది చింతపండు. ఈ కూరలో పులుపు ఎలాగూ పడుతుంది కాబట్టి అది ప్యాకెట్‌లోనే వేసేయండి. చిక్కటి రసంలో పొట్టు ఉడికించి, ఒక రోజు ఆగి, రసంతో సహా మెత్తగా రుబ్బి పీహెచ్ చూడండి. అప్పటికప్పుడు రసంలో ముంచి చూస్తే 4 చూపిస్తుంది, పొట్టు లోపల 5 ఉండొచ్చు. రుబ్బాక 4.2కి దిగితే అప్పుడు 85 డిగ్రీల వేడి మీదే నింపి సీలు. చింతపండు బస్తాకో పులుపు, ప్రతి వాయికీ చూడాలి.

కత్తిపీట: ఆవ కూడా అందులోనే కలిపేస్తారేమో, కలపకండి. నీళ్ళతో నూరిన ఆవ నిలవుంటే ఘాటు పోయి చేదెక్కుతుంది. పొడి ఆవపిండి చిన్న పొట్లంగా విడిగా పెట్టండి, కూర దింపి వేడి తగ్గాక కలుపుకుంటారు.

అరిటాకు వంటిల్లు: 60 ఆర్డర్లూ ఆపేశాను. పాతవాళ్ళకి ఫోన్లు చేస్తున్నా, ఇద్దరు అప్పుడే తినేశారట, బాగానే ఉన్నారు. మీటరు ఎల్లుండి వస్తుంది. మజ్జిగ మానేస్తే ఆ వీగన్ గుర్తు వేసుకోవచ్చాండి?

లంకగట్టు: ఆ ఇద్దర్నీ వారం పది రోజులు కనిపెట్టుకుని ఉండమనండి. చూపు మసకేసినా, మింగుడు పడకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి.

వేప చెట్టు నీడ: గుర్తు గురించి పైన రాశాను కదండీ, ముందు అనుమతి. మజ్జిగ తాకిన గిన్నెలు, గుడ్డలు కూడా మార్చాలి.

గోంగూర పులుసు: మళ్ళీ మొదలు.

అరిటాకు వంటిల్లు: సరేనండి, చెప్తాను వాళ్ళకి. థాంక్స్.

కత్తిపీట: ఇంతకీ గింజ లేతదేనా, చూశారా?