కుక్కపిల్లకు పచ్చి తెల్లసొన పెట్టవచ్చా?

ప్రశ్న: మా నాలుగు నెలల కుక్కపిల్లకు బలం వస్తుందని రోజూ పచ్చి తెల్లసొన పోస్తున్నాను. కొలెస్ట్రాల్ భయంతో పచ్చసొన తీసేస్తాను. ఈమధ్య కళ్ల చుట్టూ బొచ్చు ఊడుతోంది, చర్మం పొట్టు రేగుతోంది. తెల్లసొనే కారణమా?

జవాబు 1: కావచ్చు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే బి విటమిన్‌ను వదలకుండా పట్టుకుంటుంది. ఒక్కో అవిడిన్ అణువుకు నాలుగు బయోటిన్ అణువులు చిక్కుతాయి. అలా చిక్కిన విటమిన్ పేగుల్లో ఇంకదు, మలంతో బయటకు పోతుంది. 1927లో మార్గరెట్ బోవాస్ ఎండబెట్టిన పచ్చి తెల్లసొన తిన్న ఎలుకల్లో చర్మం పాడై, బొచ్చు రాలి, ఎదుగుదల కుంటుపడటం గమనించారు. దయచేసి గట్టిపడేదాకా ఉడికించండి. వేడికి అవిడిన్ పట్టు పోతుంది, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బెడదా తగ్గుతుంది.

జవాబు 2: పచ్చసొన పారేయడమే నాకు బాధగా ఉంది. బయోటిన్, కోలిన్ అనే మరో పోషకం ఉన్నది అందులోనే! కోలిన్ కొరవడితే ఎలుకల కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. కొలెస్ట్రాల్ తినిపించి ధమనులు పూడటం చూపిన రష్యన్ శాస్త్రవేత్త అనిచ్కోవ్ ప్రయోగం, 1913లో, కుందేళ్ల మీద జరిగింది. అవి గడ్డి తినే జీవాలు. కుక్కల సంగతి వేరు.

జవాబు 3: ఒక్క మాట. కుక్కపిల్లల్లో కళ్ల చుట్టూ బొచ్చు ఊడితే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగుల వల్ల వచ్చే గజ్జి కూడా కావచ్చు. పశువైద్యుడు చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే పురుగులు కనబడతాయి. ఆలస్యం చేయకండి.