పిల్లల్ని ఓపెన్ రేటింగ్ టోర్నమెంట్లకు పంపాలా, వయసు విభాగాల్లోనే ఆడించాలా?

ఖమ్మం నాన్న

అందరికీ నమస్కారం. మా బాబుకి పదేళ్లు. మూడేళ్లుగా చెస్ నేర్చుకుంటున్నాడు. నిరుడు ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్, అంటే ఆట బలాన్ని చెప్పే అంకె, వచ్చింది, ఇప్పుడు 1450 దగ్గర ఉన్నాడు. నెలకి కనీసం ఒక ఓపెన్ (అన్ని వయసులవాళ్లూ కలిసి ఆడే టోర్నమెంట్) ఆడించమని వాడి కోచ్ గారు అంటున్నారు. మా ఆవిడకి అది ఇష్టం లేదు. అండర్-11, అండర్-13 లాంటివి చాలంటోంది.

పోయిన నెల ఐదు రోజుల ఓపెన్‌కి తీసుకెళ్లాను. తొమ్మిది రౌండ్లు, రోజుకి రెండు గేములు. ఎంట్రీ ఫీజు, లాడ్జి, తిండి, రైలు కలిపి పన్నెండు వేలు దాటాయి. ఆఫీసుకి మూడు రోజులు సెలవు పెట్టాను. ఏడో రౌండ్‌లో మా వాడికి దాదాపు అరవై ఏళ్ల పెద్దాయన పడ్డారు. దగ్గర దగ్గర నాలుగు గంటలు ఆడాడు. చివర్లో రూక్ ఎండింగ్ (రాజులు, ఏనుగులు, బంట్లే మిగిలిన ఆట), డ్రా అయ్యే పొజిషన్ అట, ఓడిపోయాడు. బయటికొచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. అన్నం ముట్టలేదు. గంటలో ఎనిమిదో రౌండ్. అది ఇరవై నిమిషాల్లో ఓడిపోయి వచ్చేశాడు.

అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇంత చిన్న వయసులో పెద్దవాళ్ల మధ్య కూర్చోబెట్టడం తప్పా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

విజయవాడ కోచ్

సర్, తప్పు కాదు. ఓపెన్ ఆడకుండా ఎదిగిన బలమైన ఆటగాడిని నేనైతే చూడలేదు. వయసు విభాగాల్లో అవే మొహాలు, అవే ఓపెనింగులు, అవే ట్రాపులు. ఎదుటివాడు పదిహేనో ఎత్తులో పీస్ (పావు) వదిలేస్తాడని ఎదురుచూడటం పిల్లలకి అలవాటైపోతుంది. నలభై ఏళ్లుగా ఆడుతున్న మనిషి అలా వదలడు. అరవై ఎత్తులు కూర్చోబెడతాడు. ఆ ఓపిక ఏ క్లాసులోనూ నేర్పలేం.

మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపినే చూడండి. 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా అండర్-12 జరిగితే అబ్బాయిలతో ఆడి గెలిచింది. తన స్థాయి కన్నా గట్టివాళ్లని వెతుక్కుంటూ వెళ్లింది కాబట్టే 2002లో పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టర్ అయింది. మీ బాబు ఏడ్చాడంటే ఆట మీద ప్రేమ ఉందన్నమాట. భయపడకండి, పంపండి.

పాత బోర్డు

నేను ఆ అరవై ఏళ్ల పెద్దాయన లాంటివాణ్ణే. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. 1980ల నుంచి క్లబ్బుల్లో ఆడుతున్నాను. మా వైపు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతాను.

నా రేటింగ్ 1700 అనుకోండి, ఎదురుగా 1450 ఉన్న పిల్లాడు. లెక్క ప్రకారం నేను నూటికి 81 వంతులు గెలవాలి. ఓడితే నాకు 16 పాయింట్లు పోతాయి, వాడికి 32 వస్తాయి. ఎందుకంటే నా కె ఫ్యాక్టర్ (ఒక గేముకి రేటింగ్ ఎంత మారుతుందో తేల్చే గుణకం) 20, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి 2300 దాటేవరకు 40. ఇంతకీ వాడి అసలు బలం 1450 కానే కాదు. ఆరు నెలలు రోజూ నాలుగు గంటలు సాధన చేసి వచ్చి ఉంటాడు, రేటింగ్ మాత్రం పాతదే. ఒక టోర్నమెంట్‌లో అలాంటి పిల్లలు నలుగురు తగిలితే మా ఏడాది కష్టం పోతుంది. మా క్లబ్బులో ముగ్గురు ఈ కారణంతోనే ఆడటం మానేశారు. పెద్దవాళ్లు మానేస్తే ఓపెన్ కూడా ఇంకో పిల్లల టోర్నమెంటే అవుతుంది. కోచ్ గారు చెప్పిన ఆ ఓపిక అప్పుడు ఎవరి దగ్గర నేర్చుకుంటారు?

విజయవాడ కోచ్

సార్, మీ బాధ నిజమే. కానీ ఫిడే దాన్ని కొంత సరిచేసింది కదా. 2024 మార్చిలో 2000 లోపు ఉన్న అందరికీ 2000కి ఎంత తక్కువుంటే అందులో నూటికి నలభై వంతులు కలిపారు. కనీస రేటింగ్‌ని కూడా 1000 నుంచి 1400కి పెంచారు.

పాత బోర్డు

కలిపారు. నాకు 1640 ఉంటే 1784 అయింది. ఏడాదిన్నర తిరక్కుండా మళ్లీ 1690కి వచ్చాను. ఒకసారి కలిపితే తీరే సమస్య కాదిది. పిల్లలు రోజూ ఎదుగుతూనే ఉంటారు, ఎదగాలి కూడా. నేను అడిగేది ఒక్కటే. ఆడేచోట మమ్మల్ని రేటింగ్ మూటల్లా చూడకండి. మొన్న ఒక తండ్రి నా ముందే కొడుకుతో, "ఈయన 1690, ఓడిస్తే ముప్పై వస్తాయి" అన్నాడు. ఆ పిల్లాడు నాకు నమస్కారం కూడా పెట్టకుండా క్లాక్ నొక్కాడు.

ఆర్బిటర్ అక్క

నేను జిల్లా, రాష్ట్ర స్థాయి టోర్నమెంట్లలో ఆర్బిటర్‌గా (ఆట నిర్ణేతగా) చేస్తాను. రెండు వైపులా చూస్తుంటాను కాబట్టి రాస్తున్నాను.

పిల్లలు ఓపెన్‌లో ఆడటం వల్ల నష్టం లేదు. తయారీ లేకుండా రావడం వల్ల నష్టం ఉంది. ముట్టుకున్న పీస్ ఆడాలని తెలుసు, కానీ పీస్‌ని గడిలో సర్దడానికి ముట్టుకుంటే ముందు చెప్పాలని తెలియదు. క్లాసికల్‌లో (ఎక్కువ సమయం ఇచ్చే గేముల్లో) రెండోసారి ఇల్లీగల్ మూవ్ (నిబంధనలు ఒప్పుకోని ఎత్తు) చేస్తే గేమ్ పోతుందని తెలియక బిక్కమొహం వేస్తారు. ఓడిపోతున్నప్పుడు వరసగా డ్రా అడుగుతారు. అలా విసిగించడం నిబంధనలకి విరుద్ధమని ఎవరూ చెప్పి ఉండరు. ఎదురుగా ఉన్న పెద్దాయన కోపంతో నన్ను పిలుస్తారు. నేను వెళ్లి చెబితే పిల్ల ఏడుస్తుంది. ఇద్దరి ఆటా చెడుతుంది.

ఇంకో మాట. ఖమ్మం నాన్న గారు చెప్పిన ఏడో రౌండ్, ఎనిమిదో రౌండ్ సంగతి ప్రతి టోర్నమెంట్‌లోనూ చూస్తాను. పొద్దుట గేము ఆలస్యంగా ముగిసిన పిల్లలు మధ్యాహ్నం గేములో నిలబడలేరు. ఆ మధ్య విరామంలో ఎవరైనా వాళ్ల పక్కన కూర్చుని ఇంత పెరుగన్నం తినిపిస్తే చాలు. కానీ చాలామంది తల్లిదండ్రులు మొదట స్కోర్‌షీట్ లాక్కుని ఫోన్‌లో ఇంజిన్‌కి (ఎత్తుల్ని లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్‌కి) ఎక్కిస్తారు. "ఇక్కడ నీకు ప్లస్ నాలుగు ఉంది, గెలిచే ఆట, ఎలా వదిలేశావు?" ఆ పిల్లాడి మొహం అప్పుడు చూడాలి మీరు.

డల్లాస్ అమ్మ

ఇక్కడ వారాంతపు టోర్నమెంట్లని రేటింగ్‌ని బట్టి విభాగాలుగా విడగొడతారు. తొమ్మిదేళ్ల మా పాప, ఓ రిటైర్డ్ టీచర్, ఓ కాలేజీ కుర్రాడు ఒకే విభాగంలో ఆడుతుంటారు. వయసుని కాకుండా బలాన్ని చూస్తారు. అక్కడ కూడా 1600 లోపు వాళ్లకని విడిగా పెడతారట కదా, అలాంటివి చూసుకోండి. మేము ఆడిన పిల్లల పోటీల్లో తల్లిదండ్రుల్ని హాల్లోకి రానివ్వరు. మొదట్లో ప్రాణం కొట్టుకుపోయేది. ఇప్పుడు అదే నయమనిపిస్తోంది.

విజయవాడ కోచ్

1600 లోపు టోర్నమెంట్లు ఇక్కడా చాలానే ఉన్నాయి మేడమ్. కానీ క్యాష్ ప్రైజు కోసం కావాలని రేటింగ్ తగ్గించుకుని వచ్చేవాళ్లు వాటిలో తగులుతుంటారు. అందుకే నేను పూర్తి ఓపెన్‌కే మొగ్గు చూపుతాను.

బీటెక్ మూడో సంవత్సరం

నేను అండర్-7 నుంచి ఆడాను. పదమూడేళ్లకి మానేశాను. అందుకే ఇది చెప్పాలనిపించింది.

నేను ఓపెన్‌ల వల్ల మానేయలేదు. నిజానికి ఆట గురించి నాకు మిగిలిన మంచి జ్ఞాపకాలన్నీ ఓపెన్‌లవే. నెల్లూరులో ఒకసారి ఒక రైల్వే అంకుల్‌తో ఓడిపోయాను. ఆయన చేయి కలిపి, "రా, బయట చూద్దాం" అన్నారు. మెట్ల మీద బోర్డు పెట్టి గంటసేపు ఆ గేము చూపించారు. నేను ఆడిన ఒక గుర్రం ఎత్తుని, "ఇది నాకు తోచలేదురా" అని మెచ్చుకున్నారు. ఓడిపోయిన గేములో కూడా నాదంటూ ఒక మంచి ఎత్తు ఉందని ఆరోజు తెలిసింది.

వయసు విభాగాల్లో అలా ఎప్పుడూ జరగలేదు. అక్కడ గేము అవగానే అవతలి పిల్లాడి వాళ్లు వాణ్ణి లాక్కెళ్లిపోయేవారు, మా వాళ్లు నన్ను. అందరికీ సెలెక్షన్ టెన్షన్. నేను మానేసింది మా నాన్న మొహం చూడలేక. ఓడిన ప్రతిసారీ ఆయన ఏమీ అనేవారు కాదు. కారులో ఇంటిదాకా ఒక్క మాట ఉండేది కాదు.

ఖమ్మం అంకుల్, మీ వాడు మీ ఒళ్లో ఏడ్చాడని రాశారు. నాకైతే అది మంచి వార్తలాగే అనిపించింది.

పాత బోర్డు

బాబూ, నీ మాటలు రెండుసార్లు చదివాను. నేను పైన రేటింగ్ గురించి అంత రాశాను కానీ, అసలు పోయింది నువ్వు చెప్పిన ఆ మెట్ల మీది గంట.

మా రోజుల్లో గేము ఎవరు గెలిచినా తర్వాత ఇద్దరం కూర్చునేవాళ్లం. పక్కన ఇంకో నలుగురు చేరేవారు. టీ తాగుతూ, "ఏనుగుని ఇటు వేసి ఉంటే?" అని ఒకరు, "అప్పుడు శకటు ఉంది కదా" అని ఇంకొకరు. నేను నేర్చుకున్న ఎండింగులన్నీ అక్కడివే. ఇప్పుడు రోజుకి రెండు రౌండ్లు పెట్టాక ఎవరికీ తీరిక లేదు. నేను పిలిచినా పిల్లాడు వాళ్ల నాన్న వైపు చూస్తాడు, నాన్న వాచీ చూసుకుంటాడు.

గ్రాండ్‌మాస్టర్ గుంటూరు హరికృష్ణకి చిన్నప్పుడు ఆట నేర్పింది వాళ్ల తాతగారే. ఆ పిల్లాడు 1996లో ప్రపంచ అండర్-10, 2004లో ప్రపంచ జూనియర్ గెలిచాడు. 2024లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి సిద్ధమైనప్పుడు సాయపడిన బృందంలో ఆయన కూడా ఉన్నాడు. ఆట ఇలాగే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వస్తుంది.

కోచ్ గారూ, మీరు పిల్లల్ని ఓపెన్‌లకి పంపండి, నేను కాదనను. నెలకొకటి ఎందుకు? మూడు నెలలకొకటి చాలదా? మధ్యలో ఆదివారాలు మా క్లబ్బు లాంటి చోటికి పంపండి. రేటింగ్ ఉండదు, ఫీజు ఉండదు, మేము ఉంటాం.

విజయవాడ కోచ్

మూడు నెలలకొకటి అంటే నేను ఒప్పుకోను సార్. ఎదిగే వయసులో గేములు కావాలి. రేటింగ్ లేని గేములో పిల్లలు సీరియస్‌గా కూర్చోరు, ఇది నా అనుభవం. ఇంజిన్ గురించి మాత్రం మీ అందరితో ఏకీభవిస్తాను. గుకేశ్‌ని కూడా వాళ్ల కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్‌కి దూరంగానే ఉంచారు. గేము అయ్యాక మొదట పిల్లాడే తన మాటల్లో చెప్పాలి. ఇంజిన్ ఇంటికెళ్లాకే. ఇక నుంచి మా విద్యార్థుల తల్లిదండ్రులకి ఇది గట్టిగా చెబుతాను.

ఆర్బిటర్ అక్క

కోచ్ గారూ, గేము అవగానే ఎదుటివాళ్లకి చేయి కలపడం, "చూద్దామా అండీ" అని అడగడం కూడా నేర్పండి. ఆడే హాల్లో కాదు, బయట. విశ్లేషణకి రెండు బల్లలు వేయమని నేను నిర్వాహకుల్ని అడుగుతాను.

ఖమ్మం నాన్న

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా సంతోషం. ఆ పెద్దాయన గేము అవగానే మా వాడితో ఏదో చెప్పబోయారు. నేనే, "తర్వాతి రౌండ్‌కి టైమవుతోంది, పద" అని లాక్కొచ్చేశాను. ఇప్పుడు గుర్తొస్తే మనసు చివుక్కుమంటోంది.

నిన్న రాత్రి ఆ పొజిషన్‌ని ఇంట్లో బోర్డు మీద పెట్టమన్నాను. నాకు ఆట అంతగా రాదు, వాడే చెప్పాడు. పెద్దాయనకి రూక్, ఒక బంటు. మా వాడికి రూక్ మాత్రమే. రాజు బంటుకి ఎదురుగానే ఉన్నాడు. వెంటనే చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టానన్నాడు. పాత బోర్డు గారూ, అదేనా తప్పు? వాడు పక్కనే కూర్చుని మీ జవాబు కోసం చూస్తున్నాడు.

పాత బోర్డు

అదే బాబూ. తొందరపడ్డావు. ఆ బంటు ఆయన వైపు నుంచి ఐదో వరుసలో ఉన్నంతసేపు చెక్ ఇవ్వకు. నీ రూక్‌ని నీ వైపు నుంచి మూడో వరుసలో ఉంచి, అదే వరుసలో అటూ ఇటూ జరుపుతూ ఉండు. ఆయన రాజు ఆ వరుస దాటి రాలేడు. దాటాలంటే ముందు బంటుని తొయ్యాలి. బంటు ఆరో వరుసలోకి అడుగుపెట్టిన మరుక్షణం నీ రూక్‌ని బోర్డు అవతలి కొసకి తీసుకెళ్లి వెనక నుంచి చెక్కులు మొదలుపెట్టు. బంటు ముందుకి వచ్చేసింది కదా, ఆయన రాజుకి దాక్కునే చోటు ఉండదు.

ఇప్పుడు మీ నాన్నతో ఆడి చూడు. రూక్, బంటు ఆయనకివ్వు. పదిసార్లు డ్రా చేశాక వచ్చి చెప్పు.