ఎంపీ గారు వారమంతా ఢిల్లీలో ఏం చేస్తారు?

మొన్న ఆదివారం మా ఎంపీ గారు ఊరొచ్చి మంచినీళ్ల ట్యాంకు చూసి అన్నీ రాసుకెళ్లారు, సోమవారం నుంచి సభ అంట, మరి మా ట్యాంకు సంగతి అక్కడ అడుగుతారా? తెలిసినోళ్లు చెప్పండి.

రిప్లై 1: సభ ఉన్నప్పుడు సోమ నుంచి శుక్రవారం దాకా అక్కడేనండి. లోక్‌సభలో 11 నుంచి 12 దాకా ప్రశ్నలు, తర్వాత జీరో అవర్ (అర్జెంటు సంగతులు లేవనెత్తే టైం), శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు మెంబర్ల (అంటే మంత్రులు కాని ఎంపీల) బిల్లులు, తీర్మానాలు. అందుకే ఊళ్లు తిరిగేది శని ఆదివారాలే, పాపం రెస్టు తక్కువే.

రిప్లై 2: ట్యాంకుకి సభ దాకా ఎందుకు బ్రో, ఎంపీ లాడ్స్ అని ఎంపీ చెప్పిన స్థానిక పనులకిచ్చే నిధి ఉంది, ఏడాదికి 5 కోట్లు, ఆయన సిఫార్సు చేస్తే జిల్లా అధికారులు చూసి మంజూరు చేస్తారు, డబ్బు ఆయన చేతికి రాదు. అర్జీ ఇచ్చారా, నోటిమాటేనా?

అడిగినవారు: నోటిమాటే అన్నా. శనివారం ఊరోళ్ల సంతకాలతో అర్జీ పట్టుకెళ్తాం.