అణ్వాయుధాల కట్టడి: నిజంగా పనిచేస్తోందా, ఉన్నవాళ్ళ పెత్తనమేనా?

ఆర్కే బీచ్ వాకర్:
పొద్దున వాకింగ్‌లో మొదలైన గొడవ అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన అయిదు దేశాలకే అది ఉండొచ్చట, మిగతా అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలట. 1970లో అమల్లోకి వచ్చిన అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం, అదే ఎన్‌పీటీ, సారాంశం ఇదే కదా. నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరుపుతామని ఆరో ఆర్టికల్‌లో రాసిచ్చిన ఆ అయిదుగురూ ఇన్నేళ్ళలో ఏం ఒరగబెట్టారు? మనం సంతకం పెట్టలేదు, మంచి పని చేశాం. నా లెక్కలో ఇదంతా దండగ. కాదన్నవాళ్ళు నీతులు చెప్పకుండా అంకెలతో రండి.

ఏయూ ఫిజిక్స్ పాత బ్యాచ్:
వాకర్ గారూ, ఒప్పందంలో పక్షపాతం ఉంది, దాని మీద మీతో పేచీ లేదు. దండగ అంటేనే ఒప్పుకోను. 1970ల కల్లా 15 నుంచి 25 దేశాల దగ్గర బాంబు ఉంటుందేమోనని 1963లో కెనెడీ బాహాటంగానే భయపడ్డాడు. ఇవాళ ఉన్నది తొమ్మిది దేశాల దగ్గర. దక్షిణాఫ్రికా ఆరు బాంబులు తయారు చేసుకుని కూడా విప్పేసింది.

అందరూ బాంబు గురించే మాట్లాడతారు గానీ అసలు సంగతంతా సరుకు దగ్గరుంది. డిజైన్ కంటే ప్లుటోనియమో, బాగా శుద్ధి చేసిన యురేనియమో సంపాదించడమే కష్టం. అందుకే అంతర్జాతీయ అణు తనిఖీ సంస్థ ఐఏఈఏ వాళ్ళు కిలోల్లో లెక్క చూస్తారు. 8 కిలోల ప్లుటోనియం గానీ, బాగా శుద్ధి చేసిన యురేనియంలో 25 కిలోల యు-235 (బాంబుకి పనికొచ్చే యురేనియం రకం) గానీ లెక్క తేలకపోతే ఒక బాంబుకి సరిపడా పోయినట్టే భావిస్తారు. రియాక్టర్ల దగ్గర కెమెరాలు, సీళ్ళు, ఇంధనం ఎంత వెళ్ళింది ఎంత బయటికొచ్చింది అనే పద్దు, ఇవన్నీ ఉంటాయి. యంత్రాల్నీ గోడల్నీ చిన్న గుడ్డతో తుడిచి ఆ ధూళిని ల్యాబ్‌కి పంపుతారు, 2003లో ఇరాన్ దాచిపెట్టిన శుద్ధి పనుల ఆనవాళ్ళు బయటపడింది అలాగే. 1992లో ఉత్తర కొరియా చెప్పిన ప్లుటోనియం లెక్కకీ నమూనాలకీ పొంతన లేదని పట్టుకున్నదీ వాళ్ళే. పట్టుకోవడం వరకే వాళ్ళ పని, ఆపాల్సింది ప్రభుత్వాలు, అక్కడ చతికిలపడ్డారు. ఉత్తర కొరియా 2003లో ఒప్పందం నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది, 2006లో పేల్చింది.

ఇంకో అంకె కూడా రాసుకోండి. 1993 నుంచి 2013 దాకా రష్యా బాంబుల్లోని 500 టన్నుల యురేనియాన్ని పలచన చేసి అమెరికా కరెంటు ప్లాంట్లకు ఇంధనంగా అమ్మారు. దాదాపు 20 వేల బాంబుల సరుకు అది.

ఆర్కే బీచ్ వాకర్:
సరే మాస్టారూ, మరి పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్? నెదర్లాండ్స్ నుంచి యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల డిజైన్లు ఎత్తుకొచ్చి, పాకిస్తాన్‌తో ఆగకుండా ఇరాన్‌కీ లిబియాకీ ఉత్తర కొరియాకీ చేరవేసిన రోజుల్లో మీ కెమెరాలు ఏమయ్యాయి? వదులుకున్నవాళ్ళ గతి కూడా చూశాం. లిబియా నేత గడాఫీ 2003లో బాంబు ప్రయత్నం వదులుకున్నాడు, 2011లో పోయాడు. ఉక్రెయిన్ తన గడ్డ మీది సోవియట్ బాంబులు ఇచ్చేస్తానని 1994లో బుడాపెస్ట్‌లో భద్రత హామీ కాగితం పుచ్చుకుంది, ఇప్పుడు ఆ కాగితం ఎవడికి చూపించుకోవాలి?

ఏయూ ఫిజిక్స్ పాత బ్యాచ్:
ఉక్రెయిన్‌కి జరిగింది అన్యాయమే, కాదనను. కాకపోతే బాంబులు వాళ్ళ గడ్డ మీద ఉన్నా పేల్చే మీట మాస్కో చేతిలో ఉండేది. ఖాన్ విషయంలో ఆలస్యమైంది, నిజమే. 2003లో లిబియా వెళ్తున్న బీబీసీ చైనా అనే ఓడను ఇటలీకి మళ్ళించి వెతికితే సెంట్రిఫ్యూజ్ భాగాలు దొరికాయి. మరుసటి ఏడాదే, ఇలాంటి సరుకు ప్రైవేటు ముఠాల చేతుల్లో పడకుండా ప్రతి దేశం చట్టం చేసుకోవాలన్న ఐరాస 1540 తీర్మానం వచ్చింది, ఎన్‌పీటీ బయట ఉన్న మనం కూడా 2005లో దానికి తగ్గ చట్టం చేసుకున్నాం.

గాజువాక స్క్రాప్:
ఓడల మాట వచ్చింది కాబట్టి మా బాధ కూడా వినండి. చాలా దేశాల నుంచి ముక్కలు చేయని లోహపు స్క్రాప్ కంటైనర్ దిగుమతి చేసుకోవాలంటే అందులో పేలుడు పదార్థాలు, రేడియేషన్ లేవని ఎక్కించే ముందే తనిఖీ చేయించి పీఎస్‌ఐసీ అనే సర్టిఫికెట్ తేవాలి. కాగితం తేడా వస్తే సరుకు ఆగిపోతుంది, పోర్టులో ఆగినందుకు కట్టే డెమరేజ్ పెరుగుతూ ఉంటుంది, టెన్షన్ అంతా మాది. కానీ 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్లో ఒకతను చచ్చిపోయింది ఏ విదేశీ కంటైనర్ వల్లా కాదు, ఢిల్లీ యూనివర్సిటీ వేలం వేసిన పాత గామా పరికరంలోని కోబాల్ట్-60 వల్ల. బయటి సరుకుకి ఇన్ని కాగితాలు అడిగేవాళ్ళు మన గోడౌన్లలో మూలనపడ్డ వాటిని ఎందుకు లెక్క చూసుకోలేదు?

భీమిలి కుర్రాడు:
కోబాల్ట్‌తో బాంబు అవ్వదు కదా అన్నా?

ఏయూ ఫిజిక్స్ పాత బ్యాచ్:
అవ్వదు తమ్ముడూ, గొలుసు చర్య జరగదు. మామూలు పేలుడు పదార్థంతో కలిపి చల్లితే డర్టీ బాంబ్ అంటారు, చచ్చేవాళ్ళ కంటే ఊరు ఖాళీ చేసేవాళ్ళే ఎక్కువ ఉంటారు. స్క్రాప్ అన్న అడిగింది మాత్రం సరైన ప్రశ్న.

డాక్‌యార్డ్ రిటైర్డ్:
ఏటి బాబూ, ప్రపంచమంతా తిరిగొచ్చి ఊళ్ళో ఉన్నదాన్ని వదిలేశారు. మన అణు సబ్‌మెరైన్ అరిహంత్ 2009 జూలై 26న నీళ్ళలోకి దిగింది ఇక్కడే, మన విశాఖలోనే, రెండోది అరిఘాత్ 2024 ఆగస్టులో నేవీలో చేరిందీ ఇక్కడే. 2012లో రష్యా నుంచి లీజుకి తెచ్చిన చక్ర కూడా మన దగ్గరే ఉండేది. ఎన్‌పీటీలో ఉన్న రష్యా, బయట ఉన్న మనకి అణు సబ్‌మెరైన్ ఎలా ఇచ్చిందో ఆలోచించారా? ఆ ఒప్పందం బాంబుని ఆపుతుంది గానీ ఇంజిన్ని ఆపదు. సంతకం పెట్టిన దేశాలు కూడా ఐఏఈఏతో చేసుకునే తనిఖీ ఒప్పందంలోని 14వ పేరా ప్రకారం సబ్‌మెరైన్ ఇంధనాన్ని తనిఖీ నుంచి పక్కకు తీసుకోవచ్చు. బాంబు లేని దేశమేదీ ఇన్నాళ్ళూ అది వాడుకోలేదు, 2021లో అమెరికా, బ్రిటన్‌లతో అణు సబ్‌మెరైన్ల కోసం ఆకస్ ఒప్పందం ప్రకటించాక ఆస్ట్రేలియా ఆ వరసలో మొదట నిలబడింది. అమెరికా సబ్‌మెరైన్లలో పోసేది బాంబు స్థాయి యురేనియం. ఫిజిక్స్ బాబూ, కిలోల లెక్క అన్నావు, సముద్రం అడుగున సీలు ఎవడు చూసొస్తాడు?

ఏయూ ఫిజిక్స్ పాత బ్యాచ్:
రియాక్టర్ని మూసి, సీలు వేసి ఇస్తామనీ, దాని జీవితకాలంలో ఇంధనం మార్చక్కర్లేదనీ చెబుతున్నారు. నాకు ఆ సమాధానం సరిపోలేదు బాబాయ్. బ్రెజిల్ కూడా సొంతంగా అణు సబ్‌మెరైన్ కోసం పని చేస్తోంది, రేపు ఇంకెవరైనా అదే పేరా చూపిస్తే కాదనడానికి మాట ఉండదు.

ఆర్కే బీచ్ వాకర్:
అంటే మన ఊళ్ళో ఉండొచ్చు, ఆస్ట్రేలియాకి ఉండకూడదా? మళ్ళీ నా మొదటి మాటకే వచ్చారు.

డాక్‌యార్డ్ రిటైర్డ్:
ఉండొద్దని నేను అనలేదు. తనిఖీకి ఒప్పుకుంటామని వాళ్ళు సంతకం పెట్టారు, మనం పెట్టలేదు, కనుక వాళ్ళే జవాబు చెప్పాలి. మనం 2008లో వచ్చిన ఎన్‌ఎస్‌జీ (అణు సరుకు అమ్మే దేశాల బృందం) మినహాయింపు కోసం 22 రియాక్టర్లలో 14 తనిఖీకి ఇస్తామన్నాం, మిలటరీవి ఇవ్వమని ముందే చెప్పేశాం. ఆస్ట్రేలియా కూడా అలా ముందే చెప్పి ఉంటే నాకు అభ్యంతరం లేదు. లోపలుంటూ పేరా వెతుక్కోవడమే నాకు నచ్చలేదు.