జూన్ 27 కథా పఠనం: ‘ది లాటరీ’ ఏర్పాట్ల చర్చ

కార్యక్రమ సమన్వయకర్త:

మిత్రులందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం సాహిత్య విభాగం తరఫున జూన్ 27 ఉదయం 10 గంటలకు అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’ని చదివి చర్చించాలని నిర్ణయించుకున్నాం. ఒక ఊరివాళ్లు ఏటా చీటీలు తీసి, ముందు ఒక కుటుంబాన్ని, తరువాత అందులో నల్లచుక్క చీటీ వచ్చిన ఒకరిని తేల్చి, ఆ మనిషిని అందరూ కలిసి రాళ్లతో కొట్టి చంపే కథ ఇది. కథలో ఆ లాటరీ మొదలయ్యేది కూడా ఆ తేదీన, ఆ వేళకే. దాదాపు 300 మంది ఉన్న ఆ అమెరికన్ పల్లెలో రెండు గంటల్లోపే అంతా ముగించుకుని, మధ్యాహ్న భోజనానికి ఎవరిళ్లకు వారు చేరుకుంటారు.

వచ్చినవారందరి చేతా గుమ్మం దగ్గర చీటీలు తీయించి, నల్లచుక్క వచ్చినవారిని వేదిక మీదికి పిలుద్దామన్న సూచనను దయచేసి విరమించుకుందాం. అలా చేస్తే సభలో నవ్వులు పుడతాయే తప్ప కథ మనసుకెక్కదు. నా దృష్టిలో ఈ కథలోని అసలు భయం నల్లచుక్కలో లేదు, దానికి ముందు జరిగే ఏర్పాట్లలో ఉంది. లాటరీ నిర్వహించే సమ్మర్స్ బొగ్గు వ్యాపారి. ఊళ్లో నృత్య కార్యక్రమాలు, కుర్రకారు క్లబ్బు, హాలోవీన్ వేడుక చూసుకునేదీ ఆయనే. కుటుంబ పెద్దల జాబితాలు రాయిస్తాడు. ముందురోజు రాత్రి పోస్టుమాస్టరు గ్రేవ్స్‌తో కలిసి చీటీలు సిద్ధం చేసి, పెట్టెను తన కంపెనీ ఇనప్పెట్టెలో భద్రపరుస్తాడు. కాలు విరిగిన డన్‌బార్ బదులు చీటీ ఎవరు తీస్తారన్నది, జవాబు అందరికీ తెలిసినా, పద్ధతి ప్రకారం అడుగుతాడు. సేవాభావం, ఓపిక, క్రమశిక్షణ ఉన్న మనిషి. సంఘం పనుల్లో జాబితాలు, తాళంచెవులు చూసుకునే మనం ఈ పేరాలను ఏమాత్రం తొందరపడకుండా చదవాలని నా మనవి.

పఠన బృందం సభ్యురాలు:

మీరన్నదానితో ఏకీభవిస్తున్నానండీ. రాళ్ల చప్పుడు రికార్డు చేసి వినిపిద్దామన్న ఆలోచన కూడా వద్దు. లాటరీకి ఆలస్యంగా వచ్చిన, చివరికి నల్లచుక్క చీటీ పడే టెస్సీతో కలిసి మెల్లగా నవ్విన డెలక్రా గారే చివర్లో రెండు చేతులతో ఎత్తాల్సినంత పెద్ద రాయిని ఏరుకుంటుంది; టెస్సీ కొడుకు, చిన్నారి డేవీ చేతిలో కూడా ఎవరో కొన్ని గులకరాళ్లు పెడతారు. ఆ రెండు వాక్యాలను మామూలు గొంతుతో చదివితే చాలు. టెస్సీ పాత్ర చదివేవారు ఇంకొకటి గమనించాలి: అన్యాయమని ఆమె అరిచేది చుక్క చీటీ తన ఇంటికి వచ్చిన తరువాతే, అప్పుడు కూడా లాటరీ వద్దని అనదు, పెళ్లయిన కూతురిని సైతం లెక్కలో కలపమంటుంది. పిల్లలకు పక్క గదిలో వేరే కార్యక్రమం పెడితే మంచిది.

చర్చా నిర్వాహకుడు:

మా కర్నూలు వైపు దసరా రాత్రి దేవరగట్టులో ఉత్సవమూర్తుల కోసం జరిగే కర్రల సమరాన్ని కూడా చర్చలో ప్రస్తావించవచ్చా? పోలీసు బందోబస్తు ఉన్నా ఏటా తలలు పగులుతూనే ఉన్నాయి.

కార్యక్రమ సమన్వయకర్త:

తప్పకుండా ప్రస్తావించండి, కానీ రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు. దేవరగట్టులో కర్ర పట్టేవారు భక్తితో, పట్టుదలతో తామే ముందుకు వస్తారు; కథలో మాత్రం చీటీ తీయకుండా ఉండే వీలు ఎవరికీ లేదు. 77వ సారి లాటరీకి వచ్చిన ముసలి వార్నర్, కొన్ని ఊళ్లు ఈ పద్ధతి మానేస్తున్నాయని విని, లాటరీ ఎప్పుడూ ఉన్నదేనని తేల్చేస్తాడు. జూన్‌లో లాటరీ జరిగితే మొక్కజొన్న బాగా పండుతుందన్న పాత సామెత తప్ప వేరే కారణమేమీ చెప్పడు. పాత పెట్టె పోయింది, తంతులో చాలాభాగం మరచిపోయారు, రాళ్లు మాత్రం గుర్తున్నాయి. పోలిక తేవాలనుకుంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

1948 జూన్ 26 నాటి ‘ది న్యూయార్కర్’ సంచికలో కథ వచ్చాక ఆ వేసవిలో తనకు 300కు పైగా ఉత్తరాలు అందాయని, వాటిలో మంచిమాట పలికినవి 13 మాత్రమేనని జాక్సన్ తరువాత చెప్పుకున్నారు. ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయో చెబితే వెళ్లి చూస్తామని కొందరు రాశారట. చర్చను ఆ ఉత్తరాలతో ఆరంభిద్దాం.

కథకు కాపీరైట్ ఇంకా ఉంది కాబట్టి తెలుగు అనువాదాన్ని పూర్తిగా చదవాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. వారికి ఈ వారంలోనే ఉత్తరం రాస్తాను. సమాధానం వచ్చేదాకా ప్రతులు ఎవరికీ పంపవద్దు.