ఎయిర్ రైఫిల్‌కి తక్కువ ధరలో రెడ్ డాట్: ఏం చూసి కొనాలి?

చంద్రగిరి నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 58 ఏళ్లు. ఇంట్లో .177 (4.5 మి.మీ. గుండు) స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది, బ్యారెల్ వంచి లోడ్ చేసే రకం. తోటలో మట్టికట్టకు ఆనించి కాగితం టార్గెట్లు పెట్టుకుని 10 నుంచి 20 మీటర్ల దూరంలో కాలుస్తుంటారు. ఈమధ్య వెనక సైట్ గాడి మసకగా కనబడుతోందని తుపాకీ పక్కన పెట్టేశారు. ఆయనకి ఉన్న ఒక్క సరదా అది. గురి చూసేందుకు అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్, అదే రెడ్ డాట్, పెట్టిద్దామనుకుంటున్నా. బడ్జెట్ నాలుగు వేలు. ఆన్‌లైన్‌లో వందల్లో మొదలై లక్ష దాకా ఉన్నాయి, చూస్తుంటే బుర్ర తిరిగిపోతోంది. ఏది తీసుకోమంటారు అన్నా?

తిరుపతి నుంచి జవాబు

తమ్ముడూ, నాన్నగారి ఇబ్బందికి రెడ్ డాట్ సరైన మందే. మామూలు సైట్‌లో వెనక గాడి, ముందు పుల్ల, టార్గెట్ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. వయసు పెరిగే కొద్దీ దగ్గరి వస్తువు మీద కన్ను నిలవదు కాబట్టి ముందుగా మసకబారేది వెనక గాడే. రెడ్ డాట్‌లో ఆ గొడవ ఉండదు. చూపు టార్గెట్ మీదే పెట్టాలి, చుక్క దాని మీద తేలుతున్నట్టు కనబడుతుంది. రెండు కళ్లూ తెరిచే కాల్చొచ్చు.

ఒక సంగతి ముందే చెప్తా. లేజర్‌ని కూడా రెడ్ డాట్ అనే అమ్మేస్తున్నారు. ఎదురు గోడ మీద చుక్క పడితే అది లేజర్. మనకు కావాల్సినది లోపలి చిన్న ఎల్‌ఈడీ వెలుగును పూత పూసిన అద్దం మన కంటికి తిప్పి పంపే రకం. దాన్నుంచి బయటికి ఏ కిరణమూ పోదు.

ఇక ధర. ఖరీదైన వాటిలో బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది, నీళ్లలో పడినా పనిచేస్తాయి, పెద్ద తుపాకుల తాకిడికీ తట్టుకుంటాయి. తోటలో కాగితాలు కాల్చేవాళ్లకి వాటితో పని లేదు. మీ బడ్జెట్‌లో పని జరుగుతుంది. కాకపోతే ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో రాసేవి ఒకటి, మనం చూడాల్సినవి ఇంకొకటి.

రకరకాల రంగుల వెలుగు, నాలుగు రకాల గుర్తులు అని రాసి ఉంటే వాటికి డబ్బు పెట్టకండి. చుక్క సైజు చూడండి. దాన్ని ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణం కొలతలో చెప్తారు. ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 29 మి.మీ., అంటే 10 మీటర్ల దగ్గర 2.9 మి.మీ. 4 ఎంఓఏ చుక్క 10 మీటర్లలో పన్నెండు మి.మీ. దాకా కప్పేస్తుంది. మన పెల్లెట్ (గుండు) 4.5 మి.మీ. మాత్రమే. 2 లేదా 3 ఎంఓఏ దొరికితే మేలు. దొరక్కపోతే 4 కూడా ఫర్వాలేదు, వెలుగు బాగా తగ్గించి వాడితే చుక్క చిన్నగా, శుభ్రంగా కనబడుతుంది. మధ్యాహ్నం ఎండలో తప్ప ఎక్కువ వెలుగుతో అవసరం రాదు.

చాలామంది పట్టించుకోనిది, నన్నడిగితే అసలైనది, పారలాక్స్. అంటే తల జరిగితే చుక్క టార్గెట్ మీద జరిగినట్టు కనబడటం. ‘పారలాక్స్ ఫ్రీ’ అని రాసినా అది 50 మీటర్లకో 100 మీటర్లకో సరిపోయేలా చేసి ఉంటుంది. మనం కాల్చేది 10 మీటర్లలో. 20 మి.మీ. అద్దం ఉన్న సైట్‌ని 50 మీటర్లకు సెట్ చేశారనుకుందాం. తల పక్కకు జరిగి చుక్క అద్దం అంచున కనబడితే 10 మీటర్ల దగ్గర దెబ్బ 8 మి.మీ. దాకా పక్కకు పోతుంది. సైట్‌లో లోపం లేకుండానే ఇంత తేడా వస్తుంది, మనం ఏమో చేయి వణికిందనుకుంటాం. చుక్కను ఎప్పుడూ అద్దం మధ్యలో పెట్టుకుని, చెంపను ప్రతిసారీ బట్ (రైఫిల్ వెనక భాగం) మీద ఒకే చోట ఆనిస్తే చాలావరకు పోతుంది. నాన్నగారికి మొదటి రోజే ఈ అలవాటు చేయించండి.

కొన్న రోజే ఒక పరీక్ష చేయండి. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని రెండు ఇసుక సంచుల మధ్య కదలకుండా పెట్టండి. 10 మీటర్లలో ఉన్న కాగితం మీద చుక్క నిలిచేలా సర్దండి. తుపాకీని తాకకుండా తలను మాత్రం అటూ ఇటూ, పైకీ కిందికీ మెల్లగా జరపండి. చుక్క టార్గెట్ మీద కొద్దిగా జరగడం మామూలే. బాగా పరుగెత్తితే వాపసు పంపించేయండి. వాపసు గడువు ఎన్ని రోజులో కొనేముందే చూసుకోండి.

పాకాల నుంచి

అన్న చెప్పినదానికి మౌంట్, అంటే సైట్‌ని తుపాకీకి పట్టి ఉంచే బిగింపు, సంగతి కూడా చేర్చాలి. మన ఎయిర్ రైఫిళ్లలో ఎక్కువ వాటికి పైన ఉండేది 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి. చవక రెడ్ డాట్లు చాలావరకు 20 మి.మీ. పైబడిన వెడల్పాటి పికాటినీ లేదా వీవర్ రెయిల్‌కి సరిపోయే కాళ్లతో వస్తాయి. ఇంటికొచ్చాక రెండూ కలవవు. స్కేలు పెట్టి కొలుచుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఇంకొకటి. స్ప్రింగ్ గన్ తన్నే తీరు వేరు. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి వస్తుంది, పిస్టన్ చివర ఆగగానే ముందుకు కుదుపుతుంది. ఈ రెండు వైపుల తాకిడికి మౌంట్ గాడి మీద మెల్లమెల్లగా జారుతుంది, లోపల బ్యాటరీ కాంటాక్ట్ అదిరి చుక్క ఆరి వెలుగుతుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని అమ్మేవాళ్లు స్పష్టంగా రాసినవే తీసుకోండి. మౌంట్‌కి కింద, జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉంటే ఇంకా మంచిది. గాడికున్న నూనెను స్పిరిట్‌తో తుడిచి, స్క్రూలకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి. మౌంట్ అంచు దగ్గర గాడి మీదికి కలిసేలా నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీసి పెట్టండి. గీత విడిపోయిందంటే మౌంట్ జరిగిందని లెక్క.

నాలుగు వేలలో వెయ్యి మౌంట్‌కి పోయినా బాధపడకండి. సైట్ ఎంత మంచిదైనా మౌంట్ జారితే వృథా.

పుత్తూరు నుంచి

మా మామిడితోటలో చిలకలు కాయల్ని కొరికి పారేస్తున్నాయి, కోతులు సరేసరి. వాటికోసం ఇదే సైట్ పెట్టుకోవచ్చా?

తిరుపతి నుంచి జవాబు

వద్దు సామీ, ఆ ఆలోచనే పెట్టుకోకండి. చిలకలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, కొడితే కేసే. గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు దాటని .177 ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే. దేన్నైనా కాల్చొచ్చని దానర్థం కాదు. వలలు కట్టండి, మెరిసే టేపులు కట్టండి. పెల్లెట్ తిన్న పక్షి అక్కడికక్కడే చావదు, ఎక్కడో పడి గిలగిల్లాడుతుంది.

ఇంకో మాట. కారు డిక్కీలో రైఫిల్ పెట్టుకుని అలాగే తిరుమల కొండకు బయల్దేరకండి. అలిపిరి దగ్గర బండి మొత్తం తనిఖీ చేస్తారు, ఆయుధాలు పైకి పోనివ్వరు.

చిత్తూరు నుంచి

మా పాప 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు ప్రాక్టీస్ చేస్తోంది. తనకీ ఇదే కొనివ్వనా?

తిరుపతి నుంచి జవాబు

కొనకండమ్మా. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ పోటీలో రెడ్ డాట్ గానీ టెలిస్కోప్ గానీ వాడకూడదు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తోనే కాల్చాలి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది అలాంటి సైట్‌తోనే. ఇంట్లో రెడ్ డాట్‌కి అలవాటు పడితే పోటీ రోజు పాపకి టెన్షన్ తప్పదు. కోచ్ చెప్పిన పీప్ సైట్ మీదే డబ్బు పెట్టండి.

చంద్రగిరి నుంచి

అన్నలకు ధన్యవాదాలు. కొలిచి చూశాను, మాది 11 మి.మీ. గాడే. 3 ఎంఓఏ ట్యూబ్ రకం తీసుకున్నాను, మౌంట్ విడిగా కొన్నాను. నాకు చుక్క గుండ్రంగానే కనబడుతోంది. నాన్నకి మాత్రం తోకచుక్కలా సాగి కనబడుతోందట. సైట్ పాడైందా?

తిరుపతి నుంచి జవాబు

సైట్ పాడై ఉండదు. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) ఉన్న కంటికి చుక్క అలాగే సాగుతుంది. ఫోన్ కెమెరాతో సైట్‌లోంచి ఒక ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే తేడా కంటిలోనే. నాన్నగారిని దూరం చూపు అద్దాలు పెట్టుకుని చూడమనండి, వెలుగు కూడా రెండు మెట్లు తగ్గించండి. చాలామందికి దీంతోనే సరిపోతుంది. అద్దాల నంబర్ పాతదైతే ముందు కంటి డాక్టర్‌కి చూపించండి. అప్పటికీ సాగుతుంటే సైట్ వాపసు ఇచ్చి పీప్ సైట్ పెట్టించండి. సన్న రంధ్రంలోంచి చూసినప్పుడు మసక కూడా తగ్గుతుంది.

చుక్క కుదిరితే జీరో చేయండి, అంటే చుక్క పెట్టిన చోటే గుండు పడేలా సైట్ స్క్రూలు తిప్పి సర్దండి. ముందు 5 మీటర్లలో కాల్చి కాగితం మీద పడుతోందో లేదో చూసుకుని తర్వాత 10 మీటర్లకు వెళ్లండి. ఒక్క పెల్లెట్‌ని చూసి స్క్రూ తిప్పకండి. ఐదు కాల్చి, ఆ గుంపు మధ్య ఎక్కడుందో చూసి తిప్పండి. స్క్రూ ఒక క్లిక్ తిప్పితే ఒక ఎంఓఏ జరిగే సైట్ అయితే 10 మీటర్లలో దెబ్బ 2.9 మి.మీ. జరుగుతుంది, 3 సెం.మీ. జరపాలంటే పది క్లిక్కులు. సైట్ బ్యారెల్ కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి 10 మీటర్లకు జీరో చేశాక 5 మీటర్లలో దెబ్బ ఒకటిన్నర సెం.మీ. దాకా కింద పడొచ్చు. అది చూసి మళ్లీ స్క్రూ ముట్టుకోవద్దని నాన్నగారికి చెప్పండి.

చాలా చవక సైట్లు వాటంతట అవి ఆగిపోవు. కాల్చడం అయ్యాక నాబ్ సున్నాకి తిప్పండి, ఒక సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అదనంగా ఇంట్లో పెట్టుకోండి. మే ఎండలో సైట్‌ని కారులో మాత్రం వదిలేయకండి.